లేని కంచె

కంచె తీసేసి నెల దాటింది. ఒక్క జంతువూ గీత దాటలేదు.

గీత అంటే నేలమీద ఏదో గీసి ఉందనుకుంటారేమో. అదీ లేదు. తీగలు చుట్టేశారు, గుంజలు పీకేశారు, గుంతలు పూడ్చేశారు. తీగ కింద గడ్డి పెరగకుండా గీకి ఉంచిన బోడినేలను దున్ని విత్తనాలు కూడా చల్లారు. కొత్తవాళ్ళెవరైనా వచ్చి చూస్తే ఇక్కడ ఒకప్పుడు కంచె ఉండేదని చచ్చినా చెప్పలేరు. లోపలున్న ఏడు అడవిదున్నలకు మాత్రం అంగుళం తేడా లేకుండా గుర్తుంది. మేసుకుంటూ అక్కడిదాకా వస్తాయి. గోడకు ముక్కు తగిలినట్టు ఆగుతాయి. బుస్సుమని, వెనక్కి తిరిగి వెళ్ళిపోతాయి.

ఆ గోడ కట్టింది కరెంటమ్మ.

కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు అది, వీధి పెట్టిన పేరు. అడవి అంచున ఉన్న ఆ వీధి చివర షెడ్డులో పాతికేళ్ళుగా మోటార్లకు వైరు చుట్టి బతికిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ముట్టుకుంటే కొడుతుందని అందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఏనాడూ వమ్ము చేయలేదు.

నాలుగేళ్ళ కిందట వేసవిలో ఆ వీధి మీదికి అడవి నుంచి మంట వచ్చింది.

అడవని పేరే గానీ, అసలది అడవి కాదు. కలప మిల్లువాళ్ళు ఒకే జాతి చెట్లను ఒకే ఏడాది బారులు తీర్చి నాటిన తోట. మిల్లు మూతపడ్డాక కొట్టేవాళ్ళు లేరు, పలచన చేసేవాళ్ళు లేరు. చెట్టును చెట్టు ఒరుసుకుని, కింద ముళ్ళపొదలు మనిషెత్తు లేచి, పట్టపగలు టార్చి వేసుకోవాల్సినంత చీకటి కమ్మింది. నేలకు ఎండ తగలదు. గడ్డి మొలవదు. పిట్ట కూయదు. మోకాలి లోతున ఎండు ఆకు మాత్రం ఉంటుంది. నిప్పురవ్వకు అంతకంటే ఏం కావాలి?

ఆ రోజు గాలి కాస్త దయ తలచి పక్కకు తిరిగింది కాబట్టి వీధి మిగిలింది. కరెంటమ్మ షెడ్డు మిగల్లేదు.

ఆ తర్వాత ఏడాది డాక్టరు వచ్చింది. అడవి జంతువుల డాక్టరు, ముప్పై దాటిన మనిషి, మాటకు ముందు నవ్వు. వీధివాళ్ళందరినీ పాత మిల్లు క్యాంటీన్లో కూర్చోబెట్టి, "ఈ అడవిని మనం బాగుచేయలేం. బాగుచేసేవాళ్ళను తెద్దాం" అంది.

"ఎవరండీ వాళ్ళు? పెద్ద కంపెనీయా?" అని అడిగాడో పెద్దాయన.

"పెద్దవాళ్ళే. ఒక్కొక్కళ్ళు టన్ను దాకా ఉంటారు."

అడవిదున్నలు. ఒకప్పుడు ఈ నేలమీద మందలు మందలుగా తిరిగిన జాతి. తాతముత్తాతలు వేటాడి వేటాడి తుడిచిపెట్టేశారు. దూరాన ఒక సంరక్షణ కేంద్రంలో కాసిన్ని మిగిలాయి. వాటిని తెచ్చి వదిలితే పొదలు తొక్కుతాయి, బెరడు వలుస్తాయి, కొన్ని చెట్లు ఎండి పడిపోతాయి, పడిన చోట ఎండ దిగుతుంది, ఎండ దిగిన చోట గడ్డి లేస్తుంది, పేడలో పురుగు పుడుతుంది, పురుగు కోసం పిట్ట వస్తుంది. కాలడానికి అడుగున ఎండుచెత్త ఉండదు. డాక్టరు ఇదంతా బొమ్మలు వేసి చెప్పింది. క్యాంటీను మొత్తం ఘొల్లున నవ్వింది.

నవ్వనిది ఒక్క కరెంటమ్మే. "అవి మా వీధిలోకి వస్తేనో?" అంది.

"రాకుండా అడవి చుట్టూ కరెంటు కంచె వేయాలి. అంతకంటే ముందు, కంచె అంటే ఏమిటో వాటికి నేర్పాలి. ఆ పని చేసేవాళ్ళు నాకింకా దొరకలేదు."

క్యాంటీన్లో తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

అలా మొదలైంది. అడవి చుట్టూ పెద్ద కంచె వేశారు. అది ఇప్పటికీ ఉంది, ఎప్పటికీ ఉంటుంది. దాని లోపల, అడవి నడుమ, చిన్న దొడ్డి ఒకటి. జంతువులు ముందు అందులో దిగి, కంచె పాఠం నేర్చుకుని, ఆ తర్వాత చిన్న కంచె తీసేస్తే అడవంతా పరుచుకోవాలి. అదీ లెక్క.

పాఠం చెప్పే పద్ధతి పాతదే, కాస్త కసాయిది. తీగకు మెరిసే రేకుముక్కలు వేలాడదీస్తారు. వాటికి తియ్యటి పాకం పూస్తారు. జంతువు వాసన పట్టి వస్తుంది, తడి నాలుకతో నాకుతుంది. షాక్ కొడుతుంది. జన్మలో మళ్ళీ తీగ జోలికి రాదు.

మొదట వచ్చింది మందకు పెద్దదైన ఆడది. కరెంటమ్మ దాన్ని అప్పటికే 'పెద్దమ్మ' అనేది. పెద్దమ్మ రేకును నాకింది. ముందుకాళ్ళు మడిచి కూలబడింది. లేచి, తీగ అవతల చేతిలో పాకం గిన్నెతో నిలబడ్డ కరెంటమ్మను ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కరెంటమ్మ ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు. కానీ మర్నాడు మళ్ళీ పాకం కాచింది. వీధిలోకి ఒక్క దున్న వచ్చినా ఎవరో ఒకరు తుపాకీ తీస్తారు. అంతకంటే షాకే నయం. ఒక్కో జంతువుకూ పాఠం ఒంటపట్టేదాకా వదల్లేదు.

మరీ బాగా ఒంటపట్టింది.

దొడ్డి లోపల చూస్తే డాక్టరు చెప్పినవన్నీ కళ్ళముందే జరిగాయి. పొదలు పోయాయి. ఎండ దిగింది. పేరు తెలియని పసుపుపచ్చ పువ్వులు లేచాయి. ఎప్పుడూ వినని పిట్ట ఒకటి రోజూ పొద్దున్నే ఈల వేస్తోంది. ఆ వెలుగంతా ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి అవతలంతా పాత చీకటే.

లోపల మేత మాత్రం అయిపోవచ్చింది. బెరడు కూడా వలిచేశాయి. వానలు పడితే కొండదారి బురద. బయటి నుంచి మేత లారీ రాదు, తీసుకెళ్ళడానికి లారీ రాదు. అక్కడే నిలబడి మాడిపోతాయి. అందుకని డాక్టరు మనసు రాయి చేసుకుని చెప్పేసింది: "వానల్లోపు దాటకపోతే వెనక్కి పంపేద్దాం. ఇంకోసారి తెమ్మంటే నాకెవరూ ఇవ్వరు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను."

కరెంటమ్మ చేయని ప్రయత్నం లేదు. గీత అవతల పచ్చగడ్డి మోపులు వేసింది. ఉప్పు దిమ్మలు పెట్టింది. తనే గీత మీద అటూ ఇటూ నడిచి చూపించింది. దున్నలు వరసగా నిలబడి, సర్కసు చూసినట్టు చూశాయి.

"డప్పులు కొట్టి తరుముదామా?" అని ఒకరోజు అడిగేసింది.

"తరిమితే దాటుతాయి. దాటి, ఆ భయంలోనే మీ బయటి కంచెను కూడా తెంచుకుని మీ వీధిలో తేలతాయి. వాటంతట అవే దాటాలి."

చివరికి ఆమెకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పాకం! వాటికి పాకం అంటే ప్రాణం కదా. పెద్ద గిన్నె నిండా కాచింది. గీత అవతల చెట్ల మొదళ్ళకు పూసింది. చేతులు కడుక్కుని, చెట్టు చాటున కూర్చుని చూసింది.

గాలి దొడ్డి వైపు తిరిగింది. పెద్దమ్మ తల ఎత్తింది, వాసన పీల్చింది. మరుక్షణం మందంతా తోక ఎత్తి పారిపోయింది. ఆ తర్వాత వారం రోజులు గీతకు రాతివేటు దూరంలోకి కూడా రాలేదు.

డాక్టరు పరుగున వచ్చి, చెట్లకు కారుతున్న పాకం చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "కరెంటమ్మ గారూ! ఈ వాసన వస్తే షాక్ కొడుతుందని వాటికి నేర్పింది ఎవరండీ?"

అంత తెలివితక్కువ పని తను చేసిందంటే కరెంటమ్మకే నమ్మకం కుదరలేదు. బకెట్టు నీళ్ళు తెచ్చి చెట్లు కడగడం మొదలుపెట్టింది. డాక్టరు కాసేపు చూసి, తనూ చేతులు పైకి మడిచింది. ఇద్దరూ సాయంత్రం దాకా చెట్లకు స్నానం చేయించారు.

లారీలు వచ్చిన రోజు పొద్దున ఆకాశం కమ్ముకుని ఉంది.

ముందు లారీ దిగింది కరెంటమ్మ అక్క మొగుడు. మిల్లు నడిచిన రోజుల్లో ఈ అడవి కలప తోలిన మనిషే, ఇప్పుడు దేనికి పిలిస్తే దానికి లారీ తిప్పుతున్నాడు. దిగుతూనే చుట్టూ చూసి, "ఏం మరదలా! మనుషుల్నే అనుకున్నాను, జంతువుల్ని కూడా బెదరగొట్టి పెట్టావా?" అన్నాడు.

"బావా, పొద్దున్నే నా నోట్లో నోరు పెట్టకు."

"పెట్టనులే, షాక్ కొడుతుంది." అని నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "అక్క టిఫిను కట్టింది. తిన్నావా?"

"అవి వెళ్ళాక తింటాను."

"అవి వెళ్ళాక నువ్వు తినవు. నీ సంగతి నాకు తెలీదా? ఇప్పుడే తిను."

ఆమె తినలేదు. పని పంచుకున్నారు. డాక్టరు, ఇద్దరు సహాయకులు దొడ్డి లోపల మేత చూపిస్తూ మందను లారీ ఎక్కే సందు వైపు మెల్లగా నడిపిస్తారు. కరెంటమ్మ అవతలి అంచున, గీత బయట, చీకటి పక్క నిలబడి కనిపెట్టాలి. చేతిలో వాకీటాకీ. ఆమె నవ్వుకుంది, ఏడవలేక. అటు వైపు ఏదీ రాదని నెల నుంచీ తెలుసు. ఏదీ రాని చోట కాపలా!

అప్పుడు వాకీటాకీలో డాక్టరు గొంతు. "కరెంటమ్మ గారూ, ఆరే ఉన్నాయి. పొగరుబోతు కనిపించడం లేదు."

పొగరుబోతు అంటే మందలో పడుచుది. ఎవరినీ లెక్కచేయదని ఆ పేరు. నిండు చూలుతో ఉంది.

కరెంటమ్మ గీత వెంట నడుస్తూ వెతికింది. ఒక మూల, మిగిలిన ఒకే ఒక్క పొద చాటున కనిపించింది. కనిపించింది ఒకటి కాదు. పొగరుబోతు పొట్ట కింద, ఎర్రమట్టి రంగులో, వణుకుతున్న పొడుగు కాళ్ళ మీద, దూడ.

"ఈనింది డాక్టర్ గారూ!" ఆమె గొంతు తనకే వింతగా వినిపించింది. "నిన్నే ఈని ఉంటుంది. ఒళ్ళు ఆరిపోయింది. నడుస్తోంది."

సంతోషమో దిగులో తేలని గొంతుతో, "దూడతో లారీ ఎక్కించడం కష్టం. అయినా తప్పదు. ఎవరూ చప్పుడు చేయొద్దు" అంది డాక్టరు.

సరిగ్గా ఆ మాట మీదే బావ లారీని సందుకు ఆనించడానికి వెనక్కి తీశాడు. ఇంజను గర్జించింది. గాలి బ్రేకు 'ఫుస్సు'మని పాము బుస కొట్టినట్టు కొట్టింది.

మంద ఒక్కసారి చెదిరింది. పొగరుబోతు గిర్రున తిరిగింది. దూడ బెదిరి, కాళ్ళు ఎటు తీసుకెళితే అటు దూకింది.

గీత మీదుగా దూకింది.

దానికి ఏం తెలుసు? దాని నాలుక మీద ఏ రేకూ పడలేదు. అది పుట్టేనాటికి కంచె లేదు. నేల మీద నేలే ఉంది. కరెంటమ్మ కాళ్ళ పక్కనుంచే దూసుకుపోయి చీకట్లో పడింది. పొద విరిగిన చప్పుడు. ఆ వెంటనే సన్నగా, చెవులు చిల్లులు పడేలా అరుపు.

పడిపోయిన రెండు మాన్ల మధ్య దాని వెనకకాలు ఇరుక్కుంది. గుంజుకుంటోంది. గుంజుకున్న కొద్దీ మానులు బిగుస్తున్నాయి.

"వెళ్ళకండి! తల్లికీ బిడ్డకీ మధ్యకి వెళ్ళకండి!" డాక్టరు అరుస్తోంది.

"కాలు విరుగుతుంది డాక్టర్ గారూ."

"అయితే తల పట్టుకోకండి. పొట్ట కింద చెయ్యి వేసి పైకి లేపండి. కాలు దానంతట అదే వస్తుంది. త్వరగా!"

కరెంటమ్మ పాక్కుంటూ ముళ్ళల్లో దూరింది. మొహం గీరుకుంది, జుట్టు చిక్కుకుంది. దూడ పొట్ట కింద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది, మోటారు తిరిగినట్టు గుండె కొట్టుకుంటోంది. ఆమె చెయ్యి తగలగానే అది ఇంకా గట్టిగా అరిచింది.

నేల అదిరింది.

తల ఎత్తి చూసింది. పొగరుబోతు వస్తోంది. తల దించి, మూపురం బిగించి, కొమ్ములు ముందుకు పెట్టి, మట్టి ఎగజిమ్ముతూ. అడ్డుగా చెట్టు లేదు, పుట్ట లేదు. కరెంటమ్మ కళ్ళు మూసుకుంది.

ఏమీ కాలేదు.

కళ్ళు తెరిచింది. పది అడుగుల అవతల పొగరుబోతు ఆగిపోయి ఉంది. గిట్టలతో నేల చీరుతోంది, నురగ కక్కుతోంది. కానీ అక్కడే, ఆ గీత మీదే, గుంజకు కట్టేసినట్టు నిలబడి ఉంది.

కరెంటమ్మకు సంగతి అర్థమైంది. నెల రోజులుగా ఏ కంచె కూలాలని కోరుకుంటోందో, ఇప్పుడు ఆమె ప్రాణాన్ని కాపాడుతున్నది ఆ కంచే.

రెండు చేతులా దూడను పైకి లేపింది. కాలు ఊడి వచ్చింది. దూడ నాలుగు కాళ్ళ మీద నిలబడి, తూలి, ఆమె రెయిన్‌కోటు అంచు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది.

"వచ్చింది. కాలు బాగానే ఉంది" అంది గుసగుసగా.

"అమ్మయ్య! ఇక దాన్ని ఇటు తోసేయండి. వెనక ఒక్క తోపు తోస్తే తల్లి దగ్గరికి వెళ్ళిపోతుంది. తల్లి చల్లబడుతుంది. మీరు మెల్లగా వెనక్కి వచ్చేయండి."

ఒక్క తోపు. అరచేతి బలం చాలు. దూడ తల్లిని చేరుతుంది, లారీలు నిండుతాయి, వాన పడుతుంది. అడవి ఇలాగే ఉంటుంది. ఇంకో వేసవి వస్తుంది. ఈసారి గాలి ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?

దూడ కోటు వదిలి ఆమె మోకాలిని మూతితో పొడిచింది. పాలు లేవని కోపం.

"తొయ్యను" అంది కరెంటమ్మ.

"ఏమిటీ?"

"తొయ్యను డాక్టర్ గారూ. అది ఇక్కడే అరవనీయండి. రావాలనుంటే వాళ్ళమ్మే వస్తుంది."

"వస్తే మీరు ఉండరు! తెలుస్తోందా మీకు? అది దాటితే ముందు దొరికేది మీరే!"

"తెలుసు."

"కరెంటమ్మ గారూ!"

ఆమె వాకీటాకీ గొంతు తగ్గించేసింది. పొట్ట మీద పాకుతూ, దూడను వదిలి, వెనక ఉన్న లావాటి మాను వైపు జరిగింది. అంగుళం అంగుళం. కొమ్మ విరిగితే ఆగింది. ముల్లు దిగితే పళ్ళు బిగబట్టింది. చెట్టు చాటుకు చేరి, వీపు దానికి ఆనించి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. ఒక బూటు పొదల్లోనే ఉండిపోయింది. పోతే పోనీ.

దూడకు తోడు పోయింది. గొంతెత్తి పిలిచింది.

పొగరుబోతు జవాబిచ్చింది. లోతైన, బొంగురు పిలుపు. రా అని. దూడ కదల్లేదు. దానికి కాళ్ళల్లో ఓపిక లేదు. మళ్ళీ పిలిచింది. తల్లి గీత వెంట అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది. ముందుకాలు ఎత్తింది. దించేసింది, ఎక్కణ్ణుంచి ఎత్తిందో అక్కడే.

కరెంటమ్మ చెట్టు చాటు నుంచి ఒక కన్నుతో చూస్తోంది. ఆమెకు ఏడుపు వస్తోంది. ఆ కాలిని అక్కడ కట్టేసింది తనే. తన గిన్నె, తన పాకం.

"వైరు లేదే, తల్లీ" అంది నోటిలోనే. "పీకేశానే. నా చేతులతో పీకేశాను. రావే."

అప్పుడు పెద్దమ్మ వచ్చింది.

తొందర లేకుండా వచ్చింది, ఇంట్లో గొడవ ఏమిటో చూద్దామని పడకకుర్చీ నుంచి లేచి వచ్చిన పెద్దావిడలా. పొగరుబోతును భుజంతో పక్కకు నెట్టింది. గీత దగ్గర ఆగింది. తల వంచి నేలను వాసన చూసింది. ముక్కు ముందుకు చాచింది, ఒకప్పుడు రేకు వేలాడిన ఎత్తులో. ఆ నల్లటి నాలుక బయటికి వచ్చి, గాలిని నాకింది.

ఒళ్ళంతా చర్మం అలలుగా అదిరింది. షాక్ కోసం ఎదురుచూస్తోంది.

రాలేదు.

ముందుకాలు ఎత్తింది. గీత అవతల పెట్టింది. అలాగే, సగం లోపల సగం బయట, చెవులు ముందుకు పెట్టి నిలబడింది. రెండో కాలు.

ఇక పొగరుబోతు ఆగలేదు. పెద్దమ్మను రాసుకుంటూ, ముళ్ళు లెక్కచేయకుండా, ఒక్క దూకు దూకి దూడ మీదికి వచ్చేసింది. దాని వెనక మిగతా మంద, గట్టు తెగిన చెరువులా.

ఆ తర్వాత జరిగింది చూశానని కరెంటమ్మ ఏనాడూ చెప్పుకోలేదు. తల మోకాళ్ళ మధ్య పెట్టేసుకుంది. చుట్టూ ఉరుము. పొదలు ఫటఫటమని విరుగుతున్నాయి. వీపు వెనక మానుకు ఏదో ఢీకొని, చెట్టు మొదలు నుంచి చివరి దాకా వణికింది. ఎండు ఆకు, బెరడు ముక్కలు, ఒక పాత పిట్టగూడు ఆమె నెత్తిన రాలాయి. వేడి ఊపిరి ఒకటి చెంపకు తగిలి దాటిపోయింది. తర్వాత చప్పుడు దూరమైంది, ఇంకా దూరమైంది.

ఎవరో భుజం పట్టుకుని ఊపుతున్నారు.

"మరదలా! ఒసేయ్! బతికున్నావా? మాట్లాడవే! మీ అక్కకు ఏం చెప్పను నేను?"

తల ఎత్తింది. బావ మొహం పాలిపోయి ఉంది. వెనకే ఆయాసపడుతూ డాక్టరు.

"టిఫిను ఏదీ?" అంది కరెంటమ్మ.

బావ నేలమీద చతికిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు. డాక్టరు మాత్రం ముందు ఆమె చెయ్యి, పక్కటెముకలు తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి, ఒక్క బూటు తప్ప. తేలిక పడ్డాక కోపం వచ్చింది. "మీతో ఇంకెప్పుడూ పనిచేయను. ఎప్పుడూ! చెప్పిన మాట వినకపోతే ఎలాగండీ?" అంటూనే ఆమె జుట్టులోని ముళ్ళు ఒక్కొక్కటిగా తీయసాగింది.

"దూడ?" అంది కరెంటమ్మ.

"కొద్దిగా కుంటుతోంది. పాలు తాగుతోంది. అందరికంటే ముందు అదే నడుస్తోంది."

మంద పోయిన దారి ఎదురుగా కనిపిస్తోంది. లారీ పట్టేంత వెడల్పు. మనిషెత్తు పొదలు నేలకు అణిగిపోయాయి. సన్నచెట్లు రెండు మూడు విరిగి పక్కలకు ఒరిగాయి. వాటి మీదుగా, ఎన్నేళ్ళ తర్వాతో, మబ్బు పట్టిన ఆకాశం తెల్లగా లోపలికి దిగింది. మొదటి చినుకు నేల మీద పడిన చప్పుడు వినిపించింది. ఇన్నాళ్ళూ ఆ అడవిలో వాన ఆకుల మీదే ఆగేది.

"ఇక నా లారీలు ఖాళీగానే దిగాలన్నమాట." బావ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "పదండి పదండి, దారి బురద కాకముందే. ఇదిగో మరదలా, ఆ బ్రేకు చప్పుడు చేసింది నేనే. గుర్తుపెట్టుకో. పేపరువాళ్ళు వస్తే చెప్పు."

"చెబుతాలే బావా. నీ ఫొటో కూడా వేయిస్తా, దున్న పక్కన. ఎవరు ఎవరో కింద రాయమంటాను."

డాక్టరు నవ్వింది. కానీ ఆమె కళ్ళు ఆ దారి మీదే ఉన్నాయి. "మరీ పొంగిపోకండి" అంది నెమ్మదిగా. "అలవాటు గట్టిది. దూడ కోసం దాటాయి. సాయంత్రానికి మళ్ళీ పాత చోటికే వచ్చి పడుకోవచ్చు. రేపు మళ్ళీ గీత దగ్గర ఆగిపోవచ్చు కూడా."

కరెంటమ్మ చెట్టు పట్టుకుని లేచింది. బూటు లేని కాలు తడినేల మీద ఆనించింది.

"రానివ్వండి డాక్టర్ గారూ. రావాలన్నా దాటే కదా రావాలి."

బావ చేతి నుంచి టిఫిను డబ్బా లాక్కుని, కుంటుకుంటూ, దున్నలు తొక్కిన దారిలో ముందుకు నడిచింది.

"ఎటు పోతున్నావే? లారీ ఇటుంది!"

"బయటి కంచె చూసి రావాలి బావా. ఇప్పుడు దానికి పని పడింది."